చివరిసారి ఎటు కదిలింది?

విశాఖలో సింధియా వైపు నుంచి కొండెక్కి అవతలికి దిగితే యారాడ. మూడు పక్కల కొండలు, నాలుగో పక్క సముద్రం. ఆ ఊళ్లో ఒక జాలరి ఇంట ఒక కుర్రాడు పుట్టాడు. తాత పడవ నడిపేవాడు. తండ్రి ఉక్కు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికి వెళ్లేవాడు. కుర్రాడు డిప్లొమా చదివి కోనసీమలో గ్యాస్ బావులు తవ్వే ఒక రిగ్గు మీద చేరాడు. నాలుగేళ్లకు అసిస్టెంట్ డ్రిల్లర్ అయ్యాడు. రెండు వారాలు రిగ్గు మీద, రెండు వారాలు ఇంట్లో. రిగ్గు మీద ఉన్నన్నాళ్లూ రోజుకు పన్నెండు గంటల షిఫ్టు.

ఒక రాత్రి బావి 2,500 మీటర్ల లోతుకు చేరింది. ఆ లోతున రాయి తొలిచే బిట్టు ఒక ఇసుకరాయి పొరలో ఉంది. చుట్టుపక్కల పాత బావులు ఏళ్ల తరబడి ఆ పొరలోంచే గ్యాస్ తోడేశాయి. దాంతో పొరలో ఒత్తిడి బాగా పడిపోయింది. దానికి పైనున్న పొరల్లో మాత్రం గ్యాస్ ఇంకా బలంగా ఉంది. ఆ గ్యాస్ పైకి తన్నకుండా బావి నిండా బరువైన మడ్డు, అంటే తవ్వకానికి వాడే బురద ద్రవం, నింపి ఉంచారు.

తవ్వకం నడిపే డ్రిల్లర్ భోజనానికి దిగాడు. పైపు దిగడాన్ని అదుపు చేసే బ్రేకు కుర్రాడి చేతిలో ఉంది. కొత్త పైపు జోడించే వేళయింది. జోడించాలంటే పంపు ఆపాలి, పైపును పట్టి ఉంచే స్లిప్పుల్లో దాన్ని కూర్చోబెట్టాలి, పై మర విప్పాలి, కొత్త పైపు బిగించాలి. చెయ్యి తిరిగినవాళ్లకు అయిదారు నిమిషాల పని. సరిగ్గా అప్పుడే పైపులు బిగించే టాంగ్‌కు వెళ్లే హైడ్రాలిక్ గొట్టం పగిలింది. నూనె చిమ్మింది. మార్చడానికి ఇంకో గొట్టం స్టోరులో లేదు. ఉన్నదాన్నే కోసి, బిగించి, సరిచేసేసరికి ఇరవై నిమిషాలు పట్టింది.

అలాంటప్పుడు పైపును పైకెత్తే ఎలివేటరుకు తగిలించి పైకీ కిందకీ ఆడిస్తూ ఉండాలి. కుర్రాడికి ఆ సంగతి నేర్పారు, వాడికి తెలుసు కూడా. కానీ గొట్టం చుట్టూ చేరిన నలుగురిలో వాడూ ఒకడైపోయాడు. ఆ ఇరవై నిమిషాలూ పైపు కదలకుండా నిలబడి ఉంది.

గొట్టం బాగయింది. కొత్త పైపు బిగించి పంపు నడిపితే ప్రెషర్ ఎప్పుడూ ఉన్నంతే ఉంది. మడ్డు తిరిగి పైకి వస్తోంది. కానీ పైపు ఎత్తబోతే వెయిట్ ఇండికేటరు ముల్లు ఎగబాకింది తప్ప పైపు రాలేదు. తిప్పబోతే తిరగలేదు.

డ్రిల్లర్ మెట్లెక్కి పరుగున వచ్చాడు. "ఏం చేశావురా? ఎవడు ముట్టుకోమన్నాడు నిన్ను?" అని నలుగురి ముందూ అరిచాడు. ఆ వెంటనే, "ఎటు పోతుంటే పట్టుకుంది?" అని అడిగాడు.

కుర్రాడి నోట్లోంచి తేలికైన జవాబు వచ్చింది. "దించుతుంటే తగులుకుంది సార్."

దించుతుంటే తగులుకుందంటే తప్పు బావిది. ఎక్కడో రాయి వాపెక్కి ఉంటుంది, ఇరుకు ఏర్పడి ఉంటుంది. ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేరు.

దిగుతూ ఇరుక్కున్న పైపుకు పైకి దెబ్బ కొట్టాలి. డ్రిల్లర్ పని తెలిసినవాడే, ఆ ప్రకారమే మొదలుపెట్టాడు. పైపుల వరుసలో అడుగున జార్ అనే పనిముట్టు ఉంటుంది. పైపును గట్టిగా లాగి పట్టుకుంటే దాని లోపలి నూనె మెల్లగా జారి, ఉన్నట్టుండి పట్టు వదిలి, పైకి పెద్ద దెబ్బ తగులుతుంది. ఒక దెబ్బ, ఇంకో దెబ్బ. ఇరవై టన్నులు అదనంగా లాగాడు, తర్వాత నలభై, తర్వాత అరవై. డెరిక్ గోపురం అదిరింది. రిగ్గుకు పెద్ద అయిన టూల్ పుషర్‌ను లేపమని ఒకడంటే వద్దన్నాడు. ఆయన లేచేలోపు విడిపించేస్తే ఎవరికీ తెలియదనుకున్నాడు. రెండు గంటలు గడిచాయి. ఆ రెండు గంటలూ పైపు గోడకు అంటుకునే ఉంది.

దెబ్బల చప్పుడుకు టూల్ పుషరే లేచి వచ్చాడు. రాజోలు వైపు మనిషి, తల నెరిసినవాడు. వస్తూనే చెయ్యెత్తి ఆపమన్నాడు. పంపు ప్రెషర్ గేజి చూశాడు. మడ్డును జల్లెడ పట్టే షేల్ షేకర్ దగ్గరకు వెళ్లి తిరిగొస్తున్న మడ్డు చూశాడు. రాళ్ల పెళ్లలు ఏమీ లేవు, ప్రవాహం మామూలుగా ఉంది. గోడ కూలి పట్టుకున్న పైపు చుట్టూ మడ్డు ఇంత సాఫీగా తిరగదు. ఆయన అందర్నీ టీ తాగి రమ్మన్నాడు, డ్రిల్లర్‌ను కూడా. కుర్రాణ్ణి ఉండమన్నాడు.

"అబ్బాయ్, చివరిసారి పైపు ఎటు కదిలింది?"

కుర్రాడు మాట్లాడలేదు.

"నీ మీద రాయడానికి అడగట్లేదయ్యా. పైపు కోసం అడుగుతున్నాను. అక్కడ కింద ఏం జరిగిందో చూసొచ్చే కన్ను ఎవరికీ లేదు. నువ్వు చెబితేనే నాకు తెలుస్తుంది."

"కదల్లేదు సార్," అన్నాడు కుర్రాడు. "గొట్టం పగిలింది. ఇరవై నిమిషాలు నిలబెట్టేశాను."

టూల్ పుషర్ తల పంకించి వెంటనే పనిలో పడ్డాడు. పైకి లాగడం మాన్పించాడు. పైపుకు మెలి పెట్టి పట్టుకుని, దాని బరువును కిందకి వదలమన్నాడు, దెబ్బ కూడా కిందకే కొట్టమన్నాడు. మడ్ ఇంజినీర్‌ను లేపి, ఇసుకరాయి పొర ఎదురుగా పైపు చుట్టూ చేరేలా నూనె కలిపిన ద్రవం పంపించాడు. మడ్డు బరువు ఎంత తగ్గించవచ్చో ఇద్దరూ రెండుసార్లు లెక్క చూశారు. ఎక్కువ తగ్గిస్తే పై పొరల్లోని గ్యాస్ లోపలికి వస్తుంది. అందుకని కొంచెమే తగ్గించారు. ద్రవం నాననిచ్చి, మధ్యమధ్య మెలి పెడుతూ వదులుతూ తెల్లవార్లూ ఉన్నారు. మర్నాడు ఎండ బాగా ఎక్కాక మెలి ఒక్కసారిగా విడిపోయి పైపు తిరిగింది.

సాయంత్రం రిపోర్టులో టూల్ పుషర్ ఇలా రాశాడు: "గొట్టం పగలడం వల్ల పైపు 20 నిమిషాలు కదలకుండా ఉంది. అసిస్టెంట్ డ్రిల్లర్ ఈ విషయం చెప్పినందువల్ల కారణం తెలిసింది. స్టోరులో అదనపు గొట్టం లేదు. వెంటనే పంపగలరు."

రెండు వారాలు నిండాక కుర్రాడు యారాడ వచ్చాడు. తాత ఒడ్డున కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. కుర్రాడు జరిగిందంతా చెప్పాడు. తాత చేతిలో పని ఆపలేదు.

"లంగరు కూడా అంతేరా," అన్నాడు. "రాయి సందులో పడిపోనాదనుకో, ఒడ్డేపు పడవెట్టీసి ఎంత లాగినా ఇంకా బిగిసిపోద్ది. ఏ పక్కనుంచి ఇరుక్కున్నాదో ఆ పక్కకి పడవ తిప్పుకెల్లి లాగాల. రాత్రి గాలి మారితే పడవ తిరిగిపోద్ది కదా. ఎటు తిరిగినాదో కాపలా ఉన్నోడికే తెలుస్తాది. ఆడు నిద్దరోయి, నిద్దరోనేదని సెప్పినాడనుకో, ఇంక లంగరు ఒగ్గీడమే."

కాసేపాగి అడిగాడు: "మరి ముందు అడిగినోడికెందుకు సెప్పనేదు?"

"అరిసినాడు తాతా."

"అరిసినోడికి ఎవుడు సెప్తాడు," అన్నాడు తాత.

నీతి: ఇరుక్కున్నదాన్ని విడిపించడానికి బలం కన్నా ముందు జ్ఞాపకం కావాలి. ఆ జ్ఞాపకం ఉన్నవాడు భయం లేకుండా నోరు విప్పేలా చూసే బాధ్యత పైనున్నవాడిది.

నీతిలో రెండో సగమే నాకు ముఖ్యం. నిజం చెప్పమని చిన్నవాళ్లకు చెప్పే కథలు మనకు బోలెడున్నాయి. నిజం వినగలిగేలా ఉండమని పెద్దవాళ్లకు చెప్పే కథలు తక్కువ. కుర్రాడు అబద్ధమాడాడు, అది తప్పే. కానీ డ్రిల్లర్ అరుపు ముందు వచ్చింది, అబద్ధం దాని వెనక వచ్చింది. ఆ డ్రిల్లర్ కూడా టూల్ పుషర్‌కు భయపడి ఆయన్ను లేపలేదు. ఒకే రిగ్గు మీద, ఒకే రాత్రి, ఇద్దరు మనుషులు తమ పైవాడి నుంచి జరిగిన సంగతి దాచారు. కింద పైపు ఇరుక్కోవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. పైన మనుషుల మధ్య మాట ఇరుక్కుపోవడానికి ఒక్క కేక చాలింది.

బావి లోపల పనిచేసే బలాల లెక్క చూస్తే ఆ కుర్రాడి మాట విలువ తెలుస్తుంది. మడ్డుకు బరువు రావడానికి బెరైట్ పొడి కలుపుతారు. మనం ముగ్గురాయి అంటాం. ప్రపంచంలోని పెద్ద ముగ్గురాయి నిక్షేపాల్లో ఒకటి కడప సీమలోని మంగంపేటలో ఉంది. నీటి కన్నా 1.3 రెట్లు బరువైన మడ్డు 2,500 మీటర్ల లోతున చదరపు సెంటీమీటరుకు 325 కిలోల ఒత్తిడి పెడుతుంది. గ్యాస్ తోడేసిన పొరలో ఒత్తిడి 255 కిలోలే ఉందనుకుందాం. తేడా 70 కిలోలు. మడ్డులోని నీరు ఆ పొరలోకి ఇంకుతుంటే గోడ మీద మెత్తటి కేకు పేరుకుంటుంది. కదలకుండా ఉన్న పైపు ఆ కేకులోకి ఒరిగి దిగబడుతుంది. పది సెంటీమీటర్ల వెడల్పున, పది మీటర్ల పొడవున అంటుకుందంటే దాన్ని గోడకు అదిమిపెట్టే బలం 700 టన్నులు. రాపిడి అందులో అయిదో వంతే అనుకున్నా, పైకి జరపడానికి 140 టన్నులు కావాలి. పైపుల సొంత బరువు ఇంకో 70 టన్నులు ఉంటుంది. మామూలు ఈ గ్రేడు అయిదంగుళాల కొత్త పైపు తట్టుకునేది 180 టన్నుల దాకా. అంటే విడిపోయేలోపే పైపు సాగి తెగుతుంది. పట్టుకున్న బలం పక్క నుంచి వస్తుంటే పైకి ఎంత లాగినా దాన్ని తగ్గించినట్టు కాదు. పైగా ఆలస్యమైనకొద్దీ కేకు మందమెక్కుతుంది, అంటుకున్న మేర పెరుగుతుంది. ఒత్తిడి తేడా పైపును ఇలా గోడకు పట్టి ఉంచుతుందని హెల్మిక్, లాంగ్లీ అనే ఇద్దరు 1957లోనే ప్రయోగాలు చేసి చూపించారు.

పైపు ఇరుక్కునే మిగతా రకాలు వేరు. పైకి లాగుతున్నప్పుడు ఇరుక్కుంటే తవ్విన రాతి పొడి పైన పేరుకుని ఉండవచ్చు. అప్పుడు కిందకి దించి, మడ్డు తిప్పి, బావిని శుభ్రం చేయాలి. దించుతున్నప్పుడు ఇరుక్కుంటే బావి సన్నబడి ఉండవచ్చు. అప్పుడు పైకి కొట్టాలి. కదలికే లేనప్పుడు పట్టుకుని, మడ్డు మాత్రం మామూలుగా తిరుగుతుంటే అది ఒత్తిడి తేడా పని. మందు ఏదో తేల్చేది చివరిసారి ఎటు కదిలిందన్న ఆ ఒక్క ప్రశ్నే.

పైపు ఎంత లోతున పట్టుకుందో ఉక్కే చెబుతుంది. 2,500 మీటర్ల అయిదంగుళాల పైపును 30 టన్నులు అదనంగా లాగితే దాదాపు ఒక మీటరు సాగుతుంది. సాగింది కొలిస్తే, ఎంత పొడవు స్వేచ్ఛగా ఉందో లెక్కగట్టవచ్చు. ఎలా పట్టుకుందో మాత్రం ఉక్కు చెప్పదు. ఈ రోజుల్లో ప్రతి కదలికనూ గీసే రికార్డర్లు ఉన్నాయి కదా అనవచ్చు. ఉన్నాయి. కానీ కంగారులో ఆ గీతను వెనక్కి జరిపి చూసేవాళ్లు తక్కువ. ఎదురుగా ఉన్న మనిషి ఏమంటే దాన్నిబట్టే పని మొదలైపోతుంది.

ఏ మార్గమూ పనిచేయకపోతే ఇరుక్కున్న చోటుకు పైనున్న మర దగ్గర చిన్న పేలుడు పెట్టి పైపు విప్పుకుంటారు. మిగిలింది లోపలే ఉండిపోతుంది. దాన్ని పైకి తీయలేకపోతే సిమెంటు పోసి, పక్క నుంచి మళ్లీ తవ్వాలి.

కోనసీమ వాళ్లకు ఇరుక్కున్న పైపు సంగతి పుస్తకంలో చదవాల్సిన పని లేదు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ తవ్వుతున్న బావిలో అదే జరిగింది. లోతు 2,700 మీటర్లు దాటాక పైపు ఇరుక్కుంది. దాన్ని విడిపించే పని జరుగుతుండగా గ్యాస్ తన్నుకొచ్చి అంటుకుంది. మంట 65 రోజులు మండింది. మార్చి 15న గాని అదుపులోకి రాలేదు. చుట్టుపక్కల ఊళ్ల జనం ఇళ్లు వదిలి వెళ్లాల్సి వచ్చింది. అమెరికాలో 2010 మార్చి 8న మకాండో బావిలో లోపలికి గ్యాస్ చొరబడింది. అరగంటకు పైగా ఎవరూ పసిగట్టలేదు. పైపు ఇరుక్కుపోయింది. దాన్ని తెంచి వదిలేసి పక్క నుంచి తవ్వుకుంటూ పోయారు. ఏప్రిల్ 20న అదే బావి పేలి 11 మంది చనిపోయారు. ఈ రెండు చోట్లా ఎవరో అబద్ధమాడారని నేను అనడం లేదు. ఇరుక్కున్న పైపు దగ్గర గడిచే గంటలు ఎంత ప్రమాదకరమైనవో చెప్పడానికే వీటిని తలుచుకున్నాను. పైపును గోడకు అదిమిపెట్టేదీ, గ్యాస్‌ను లోపల ఆపి ఉంచేదీ ఒకే మడ్డు ఒత్తిడి. ఒకదాన్ని విడిపించబోయి రెండోదాన్ని వదిలేయవచ్చు. అందుకే కథలో టూల్ పుషర్ అంత తొందరలోనూ రెండుసార్లు లెక్క చూశాడు. ఆ లెక్కకు మొదటి అంకె కుర్రాడి దగ్గరే ఉంది.

కృష్ణా గోదావరి బేసిన్‌లో భూగర్భ పొరలకు మన ఊళ్ల పేర్లే పెట్టారు. రాఘవాపురం షేల్, వాడపర్రు షేల్, మత్స్యపురి ఇసుకరాయి, నర్సాపురం బంకరాయి. పైన కొబ్బరితోట, పక్కన పంటకాలువ, ఆ పక్కన బడి. నేల మీద మన పల్లెలు, నేల కింద ఆ పల్లెల పేర్లే పెట్టుకున్న రాళ్లు. అక్కడ బ్రేకు పట్టుకుని నిలబడే కుర్రాళ్లు కూడా మన ఊళ్లవాళ్లే. 2016లో విశాఖలో పెట్రోలియం, ఇంధన రంగాల కోసం జాతీయ స్థాయి విద్యాసంస్థ మొదలైంది. యారాడ దారిలో పడే హిందుస్థాన్ షిప్‌యార్డులోనే ఓఎన్‌జీసీ డ్రిల్‌షిప్ సాగర్ భూషణ్ తయారైంది. ఈ తీరంలో ఇంకా ఎందరో పిల్లలు ఈ పనికి వెళతారు. జార్ ఎలా కొట్టాలో, సాగుదల ఎలా లెక్కగట్టాలో వాళ్లకు కాలేజీ నేర్పుతుంది. అర్ధరాత్రి పైవాడి ముందు నిలబడి "నేనే ఆపాను సార్" అనడం ఏ సిలబస్‌లోనూ ఉండదు. అది రిగ్గు మీదే నేర్చుకోవాలి. నేర్పేది అక్కడి మొదటి డ్రిల్లర్ గొంతు.

మంచి రిగ్గుల్లో షిఫ్టు మారేటప్పుడు కాగితం మీద గడుల్లో కొన్ని సంగతులు తప్పకుండా రాయిస్తారు. ఏ లోతులో పైపు బిగుతుగా అనిపించింది, ఎన్ని టన్నులు అదనంగా లాగాల్సి వచ్చింది, ఎక్కడ ఎంతసేపు కదలకుండా నిలబడింది. ఆ చివరి గడిలో సాధారణంగా సున్నాలే కనిపిస్తాయి. యాజమాన్యాలకు నా విన్నపం ఒక్కటే. ఆ గడిలో ఎప్పుడైనా ఒక కుర్రాడు "20 నిమిషాలు" అని తన చేత్తో రాస్తే, ఆ నెల వాడి జీతంలో కోత పడకూడదు. వచ్చే ట్రిప్పుకు వాడి పేరు జాబితాలోంచి పోకూడదు. పగిలిన గొట్టానికి బదులు కొత్త గొట్టం ఆ వారమే స్టోరుకు రావాలి.